క్రెడిట్లు అయిపోయాయి, క్లౌడ్ బిల్లు లక్షన్నరకు చేరింది. ఎక్కడ కోయాలి?

మిర్చి_యార్డు | హన్మకొండ | 4 ఏప్రిల్ 2025, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా చదువుతున్నా, రాయడం ఇదే మొదటిసారి.

మాది ఆరుగురం ఉన్న చిన్న స్టార్టప్. నయీంనగర్‌లో ఒక ఇంటి పై అంతస్తులో ఆఫీసు. ఎనుమాముల, కేసముద్రం, ఖమ్మం యార్డులకు మిర్చి, పత్తి తెచ్చే రైతుల కోసం యాప్ నడుపుతున్నాం. పొద్దున జెండా పాట, అంటే మంచి లాటుకు వేలంలో పలికిన ఆ రోజు ధర, ఎంత పడిందో చూపిస్తాం. సరుకు ఫొటోలు పెడితే బయటి కొనుగోలుదార్లు చూస్తారు. అమ్మాక తక్‌పట్టీ (అమ్మకం లెక్కల చీటీ) ఫొటో తీసి దాచుకోవచ్చు. అడ్తిదారులు (కమీషన్ ఏజెంట్లు), కోల్డ్ స్టోరేజీల వాళ్లు కట్టే నెల చందాతో మా బండి నడుస్తోంది.

జనవరి దాకా ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) వాళ్లిచ్చిన ఉచిత క్రెడిట్లు ఉండేవి కాబట్టి బిల్లు పేజీ తెరిచినవాడు లేడు. ఇప్పుడు మార్చి బిల్లు జీఎస్టీతో కలిపి 1,45,966 రూపాయలు వచ్చింది. మాలో ఇద్దరి జీతం అది.

మెషిన్లు సగానికి తగ్గించేద్దామని మా వాడొకడు, క్లౌడే వదిలేద్దామని ఇంకొకడు. ఇది మిర్చి సీజన్, ఇప్పుడు యాప్ ఆగితే అడ్తిదారులు మళ్లీ మా ముఖం చూడరు. ఎక్కడ మొదలుపెట్టాలి?

---

రాత్రి_డ్యూటీ | కాజీపేట | 4 ఏప్రిల్ 2025, రాత్రి 11:15

తమ్మీ, ముందు మెషిన్ల మీద చెయ్యి వేయకు. రోగం ఎక్కడుందో చూడకుండా కాలు తీసేసినట్టు అవుతుంది.

ఏడబ్ల్యూఎస్‌లో ఖర్చులు విడదీసి చూపే కాస్ట్ ఎక్స్‌ప్లోరర్ తెరువు. మార్చి నెల పెట్టి సర్వీసుల వారీగా చూడు, తర్వాత అదే పేజీలో యూసేజ్ టైప్ వారీగా చూడు. రెండూ ఇక్కడ పెట్టు.

అది చేసేలోపు బడ్జెట్స్‌లో ఒక అలర్ట్ పెట్టుకో. అలర్ట్ బిల్లును ఆపదు, మెయిల్ పంపుతుందంతే, అది కూడా కొన్ని గంటలు ఆలస్యంగా. అయినా నెలాఖరున తెలియడం కంటే పదో తారీఖున తెలియడం నయం.

---

మిర్చి_యార్డు | 5 ఏప్రిల్ 2025, ఉదయం 9:05

అన్నా, ఇదిగో. పన్ను కలపకముందు, రూపాయల్లో:

ఈసీ2 మెషిన్లు (అద్దె సర్వర్లు) 41,300
డేటాబేస్ 27,800
ఈసీ2-అదర్ 24,600
క్లౌడ్‌వాచ్ (లాగ్‌లు, అంటే సర్వర్లు రాసుకునే చిట్టా) 12,900
బయటికి పోయే డేటా 6,600
కుబర్నెటీస్ క్లస్టర్ (కంటైనర్లను నడిపించే వ్యవస్థ) 6,300
ఎస్3 (ఫైళ్లు దాచే చోటు) 4,200

మొత్తం 1,23,700. దాని మీద జీఎస్టీ 22,266.

యూసేజ్ టైప్‌లో చూస్తే ఈసీ2-అదర్ కింద నాట్ గేట్‌వే గంటలు 7,030, నాట్ గేట్‌వే బైట్లు 9,630, మిగతాది డిస్కులు, స్నాప్‌షాట్లు (డిస్కుల నకళ్లు). ఆ నాట్ ఏమిటో మాకు సరిగ్గా తెలియదు. మొదట్లో సెటప్ చేసిన కుర్రాడు బెంగళూరు వెళ్లిపోయాడు.

---

రాత్రి_డ్యూటీ | 5 ఏప్రిల్ 2025, ఉదయం 9:50

ఈసీ2-అదర్ వరుస చూడగానే నవ్వొచ్చింది, ఏమనుకోకు. ఆ పేరు కింద మెషిన్లు ఉండవు. నాట్ గేట్‌వే, డిస్కులు, స్నాప్‌షాట్లు, ఒక జోన్ (విడి డేటా సెంటర్) నుంచి ఇంకో జోన్‌కు పోయే ట్రాఫిక్, ఇవన్నీ దాక్కునే గది అది. పేరు చూసి "ఏవో చిల్లర ఖర్చులు" అనుకుని అందరూ దాటేస్తారు.

మీ మెషిన్లు ప్రైవేట్ సబ్‌నెట్‌లో, అంటే ఇంటర్నెట్‌తో నేరుగా సంబంధం లేని లోపలి నెట్‌వర్క్‌లో ఉన్నాయి. బయటికి ఏది పోవాలన్నా నాట్ గేట్‌వే దాటాలి. ముంబై రీజియన్‌లో (అక్కడి ఏడబ్ల్యూఎస్ డేటా సెంటర్లలో) దానికి గంటకు 5.6 సెంట్లు, దాటిన ప్రతి జీబీకి ఇంకో 5.6 సెంట్లు. మీకు రెండు గేట్‌వేలు ఉన్నట్టున్నాయి. బైట్ల లెక్క చూస్తే నెలకు 2 టీబీకి దగ్గర దాటుతోంది. ధరలు చూపించే యాప్‌కు అంత డేటా ఎక్కడిది?

ఫొటోలు మీ సర్వర్ మీదుగా ఎస్3కి పోతున్నాయా?

---

మిర్చి_యార్డు | 5 ఏప్రిల్ 2025, ఉదయం 10:20

అవును. ఫోన్ నుంచి సర్వర్‌కు, సర్వర్ నుంచి ఎస్3కి. తర్వాత ఇంకో ప్రోగ్రాం దాన్ని ఎస్3 నుంచి మళ్లీ తెచ్చుకుని చిన్న సైజు చేస్తుంది. యార్డు తెరిచిన రోజు తొమ్మిది వేల ఫొటోల దాకా వస్తాయి, ఒక్కోటి 4 ఎంబీ.

---

ఫైనల్_ఇయర్ | వరంగల్ | 5 ఏప్రిల్ 2025, ఉదయం 10:31

ఎస్3 కూడా ఏడబ్ల్యూఎస్‌దే కదా? వాళ్ల దగ్గరి నుంచి వాళ్ల దగ్గరికే పోయేదానికి డబ్బులెందుకు?

---

రాత్రి_డ్యూటీ | 5 ఏప్రిల్ 2025, ఉదయం 10:48

మంచి ప్రశ్న. ఇట్లా అనుకో: యార్డులో ఒక షెడ్డు నుంచి పక్క షెడ్డుకు బస్తాలు మార్చాలి. లోపలి దారి ఉంది. కానీ నువ్వు బస్తాలు బండికెత్తి, మెయిన్ గేటు బయటికి పోయి, వేబ్రిడ్జి మీద తూకం వేయించి, రుసుము కట్టి, మళ్లీ లోపలికి వస్తున్నావు. పోయేటప్పుడూ తూకమే, తిరిగొచ్చేటప్పుడూ తూకమే.

లోపలి దారి పేరు ఎస్3 గేట్‌వే ఎండ్‌పాయింట్. దానికి గంట చార్జీ లేదు, జీబీ చార్జీ లేదు. వీపీసీ (మీ నెట్‌వర్క్ సెట్టింగ్స్) పేజీలో సృష్టించి, మీ ప్రైవేట్ సబ్‌నెట్ల రూట్ టేబుల్‌కు (ట్రాఫిక్ ఏ దారిన పోవాలో రాసిన పట్టికకు) తగిలించడమే. కోడ్ ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. తగిలించే క్షణంలో అప్పటికే నడుస్తున్న కనెక్షన్లు తెగొచ్చు, కాబట్టి యార్డు లేని రోజు చేయండి. కంటైనర్ ఇమేజీల (ప్రోగ్రాంలను కట్టి ఉంచే మూటల) పొరలు కూడా, అవి ఏడబ్ల్యూఎస్ రిజిస్ట్రీలో ఉంటే, ఎస్3 నుంచే వస్తాయి, వాటికీ ఇదే దారి పనికొస్తుంది.

ఇవాళ శనివారం, యార్డు సెలవు. ఇవాళే చేసేయ్.

---

మిర్చి_యార్డు | 5 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 1:12

చేశాం అన్నా. ఇరవై నిమిషాల పని, అందులో పదిహేను రూట్ టేబుల్ ఏదో వెతుక్కోవడానికే పోయాయి. ఫలితం సోమవారం సరుకు వచ్చాక తెలుస్తుంది. ఏడాదిన్నరగా ఇట్లా పోగొడుతున్నామని తలుచుకుంటే అన్నం సహించట్లేదు.

---

సొంత_సర్వర్ | జగిత్యాల | 5 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 2:30

ఇదంతా కోడిగుడ్డుకు ఈకలు పీకడం. మూడు చిన్న సర్వీసులకు కుబర్నెటీస్ ఎందుకు, రెండు గేట్‌వేలు ఎందుకు? బెంగళూరులో డిజిటల్ ఓషన్ డేటా సెంటర్ ఉంది, ఇంకో అరడజను కంపెనీలకు ముంబై, చెన్నైలలో ఉన్నాయి. రెండు వీపీఎస్‌లు (నెల అద్దె సర్వర్లు) తీసుకోండి, ఒకదాంట్లో యాప్, ఇంకోదాంట్లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. నెలకు పదిహేను వేలు దాటదు. బేస్‌క్యాంప్ యాప్ చేసే 37సిగ్నల్స్ వాళ్లంతటి వాళ్లే క్లౌడ్ నుంచి బయటికొచ్చారు.

---

మడికొండ_బస్ | మడికొండ | 5 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 3:05

37సిగ్నల్స్‌కు 2022లో క్లౌడ్ ఖర్చు 32 లక్షల డాలర్లు. రూపాయలు కాదు, డాలర్లు. వాళ్లకు సర్వర్లు చూసుకునే సొంత మనుషులు అప్పటికే ఉన్నారు. వీళ్లకు మిగిలేది నెలకు లక్ష లోపు. ఆ లక్షతో రాత్రి రెండింటికి లేచి డిస్కు మార్చే మనిషి రాడు.

వీపీఎస్ తప్పని నేను అనడం లేదు. మొదటి రోజు నుంచే వీపీఎస్ మీద ఉంటే బాగుండేది. సీజన్ మధ్యలో మారడమే తప్పు.

---

సొంత_సర్వర్ | 5 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 3:22

రాత్రి రెండింటికి లేవడం అంటున్నారు. ఏడేళ్లలో నేను లేచింది ఒక్కసారి.

---

రాత్రి_డ్యూటీ | 5 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 3:40

ఆ ఒక్కసారి ఏమైందో కూడా చెప్పు భాయ్.

---

సొంత_సర్వర్ | 5 ఏప్రిల్ 2025, సాయంత్రం 4:18

చెప్తా, దాచేదేముంది. ఓ చిన్న హోస్టింగ్ కంపెనీ దగ్గర తీసుకున్న మెషిన్ డిస్కు పోయింది. రోజూ రాత్రి బ్యాకప్ అవుతోందని నా ధీమా. తెరిచి చూస్తే పదకొండు నెలలుగా సున్నా బైట్ల ఫైళ్లు పడుతున్నాయి. పాస్‌వర్డ్ మార్చినప్పుడు స్క్రిప్టులో మార్చలేదు, తప్పు నాదే. క్లయింటు దగ్గరున్న ఎక్సెల్ షీట్ల నుంచి నాలుగు రోజులు కూర్చుని డేటా ఎక్కించాం.

అప్పటి నుంచి నెలకోసారి బ్యాకప్‌ను వేరే మెషిన్‌లో తెరిచి వరుసలు లెక్కపెడతాను. అయినా నా మాట మార్చుకోను, చిన్నవాళ్లకు వీపీఎస్ చాలు. కానీ డేటాబేస్ మాత్రం మేనేజ్డ్‌లోనే (క్లౌడ్ కంపెనీయే బ్యాకప్‌లు చూసుకునేదాంట్లోనే) ఉంచుకోమనే చెప్తాను.

---

బాట్లు_కాంటా | వరంగల్ | 6 ఏప్రిల్ 2025, ఉదయం 7:55

నాకు కంప్యూటర్లు పెద్దగా రావు. మా నాన్న ఎనుమాములలో అడ్తి చేస్తారు, నేను ఈ యాప్ వాడతాను. ఒక సందేహం. యాప్ తెరిచి పెడితే పైన చిన్న చక్రం ఊరికే తిరుగుతూ ఉంటుంది. ధరల కోసం మాటిమాటికీ సర్వర్‌ను అడుగుతోందా?

---

మిర్చి_యార్డు | 6 ఏప్రిల్ 2025, ఉదయం 8:20

అవునన్నా. ఐదు సెకన్లకోసారి. ధర మారగానే కనిపించాలని.

---

బాట్లు_కాంటా | 6 ఏప్రిల్ 2025, ఉదయం 8:41

జెండా పాట ఐదు సెకన్లకోసారి పడుతుందా తమ్మీ? పొద్దున మిర్చి రకాల్లో తేజకు ఒకటి, వండర్ హాట్‌కు ఒకటి, చపాటకు ఒకటి. గంటలోపు అయిపోతాయి. ఆ తర్వాత ఖరీదుదార్లు రాశి రాశికీ తిరిగి చీటీ రాసుకుంటారు, ఆ ధరలు మీ యాప్‌లోకి రావు కూడా. జెండా ధర ఒక మంచి లాటుకే, మిగతాదంతా దానికి కిందే పోతుంది, అది వేరే బాధ. పది గంటల తర్వాత మీ యాప్‌లో మారే ధర ఏదీ లేదు. కాంటాలయ్యేదాకా రైతు ఫోన్ చేతిలో పట్టుకునే ఉంటాడు, పాపం ఆయన డేటా ప్యాక్ కూడా కాలుతోంది.

---

రాత్రి_డ్యూటీ | 6 ఏప్రిల్ 2025, ఉదయం 9:30

అన్నా, మీకు దండం. మేం ముగ్గురం కలిసి కన్సోల్‌లో వారం వెతికినా ఇది దొరికేది కాదు.

మిర్చి_యార్డు తమ్మీ, ఇప్పుడు క్లౌడ్‌వాచ్ 12,900 ఎందుకొచ్చిందో చూడు. నా అనుమానం, ప్రతి జవాబునూ లాగ్‌లో పూర్తిగా రాస్తున్నారు.

---

మిర్చి_యార్డు | 6 ఏప్రిల్ 2025, ఉదయం 11:10

అన్నా, సిగ్గుగా ఉంది. లాగ్ లెవెల్ డీబగ్‌లో, అంటే ప్రతిదీ రాసే స్థాయిలో ఉంది. ప్రతి రిక్వెస్టుకూ ధరల జాబితా మొత్తం జేసన్ రూపంలో లాగ్‌లో పడుతోంది, ఒక్కోటి 8 కేబీ. మూడు వేల ఫోన్లు, ఒక్కోటి రోజుకు నాలుగు వందల సార్లు అడుగుతుంటే రోజుకు పన్నెండు లక్షల సార్లు ఆ జాబితానే రాసుకున్నాం. నెలకు 220 జీబీ దాటింది. "తేజ" అనే మాట మేం రాసినన్నిసార్లు ఎనుమాములలో ఎవరూ పలికి ఉండరు.

అప్పట్లో ఏదో తప్పు వెతకడానికి డీబగ్ పెట్టాం. తప్పు దొరికింది, డీబగ్ అట్లనే ఉండిపోయింది.

---

రాత్రి_డ్యూటీ | 6 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 12:02

అందరి ఇళ్లల్లో ఉన్నదే, సిగ్గెందుకు. మూడు పనులు.

లాగ్ లెవెల్ వార్నింగ్‌కు తెచ్చేయ్. ఇవాళే. లాగ్ గ్రూపుల్లో దాచే కాలం చూడు, మనం మార్చకపోతే ఎప్పటికీ చెరిపేయకుండా ఉంచుతుంది. పద్నాలుగు రోజులు పెట్టు. కానీ ఒకటి గుర్తుంచుకో, క్లౌడ్‌వాచ్‌లో ఎక్కువ ఖర్చు దాచినందుకు కాదు, లోపలికి తీసుకున్నందుకు. దాచే కాలం తగ్గించి "అయిపోయింది" అనుకుంటే బిల్లు కదలదు. రాయడమే తగ్గాలి.

ధరల జాబితా అందరికీ ఒకటే కదా, దాన్ని క్లౌడ్‌ఫ్రంట్ (నకలు దాచుకుని పంపే ఏడబ్ల్యూఎస్ సర్వీసు) వెనక పెట్టి ముప్పై సెకన్లు కాష్ చెయ్యి. మూడు వేల ఫోన్లు అడిగినా మీ సర్వర్ దాకా వచ్చేది ముప్పై సెకన్లకు ఒకటో రెండో. పది తర్వాత యాప్ పది నిమిషాలకోసారి అడిగితే చాలు.

ఫొటోలనూ దాని వెనకే పెట్టు. క్లౌడ్‌ఫ్రంట్ నుంచి నెలకు మొదటి 1 టీబీ ఉచితం, ఎస్3 నుంచి క్లౌడ్‌ఫ్రంట్‌కు పోయేదానికి చార్జీ లేదు. నేరుగా పంపితే ఉచితం నెలకు 100 జీబీ వరకే. మీ 6,600 అక్కడే పోతోంది.

---

మడికొండ_బస్ | 6 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 12:40

ఫొటోల సంగతి ఇంకా మొదట్లోనే తెగ్గొట్టాలి. 4 ఎంబీ ఫొటోను ఫోన్‌లోనే చిన్నది చేసి పంపితే 300 కేబీ లోపు వస్తుంది. తక్‌పట్టీ మీద అంకెలు చదవడానికి అది చాలు. ఎస్3లో చోటు, గేట్‌వే, రైతు డేటా, అన్నీ ఒక్కసారే తగ్గుతాయి. యార్డులో మధ్యాహ్నం సిగ్నల్ ఎట్లా ఉంటుందో తెలిసిందే, ఫొటో తొందరగా ఎక్కుతుంది కూడా.

---

బాట్లు_కాంటా | 6 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 1:30

తక్‌పట్టీకి సరే. సరుకు ఫొటోకు మాత్రం అట్లా చేయకండి. కొనేవాడు రంగు చూస్తాడు, తొడిమ చూస్తాడు, తాలు (రంగు పోయిన కాయ) ఎంత కలిసిందో చూస్తాడు. ఫొటో మసకబారితే క్వింటాకు వెయ్యి తగ్గించి అడుగుతాడు.

---

మిర్చి_యార్డు | 6 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 1:52

అర్థమైంది. తక్‌పట్టీకి ఒక కొలత, సరుకుకు ఇంకో కొలత పెడతాం. సరుకు ఫొటోలు పదింటిలో రెండే ఉంటాయి.

---

లెక్కల_అక్క | కరీంనగర్ | 6 ఏప్రిల్ 2025, సాయంత్రం 6:15

మీరంతా లక్షా ఇరవై మూడు వేల మీద పడ్డారు. ఆ 22,266 సంగతి ఎవరూ అడగలేదు. బాబూ, మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉందా? ఉంటే ఏడబ్ల్యూఎస్ అకౌంట్ ట్యాక్స్ సెట్టింగ్స్‌లో మీ జీఎస్టీఐఎన్ (జీఎస్టీ నంబరు) ఎక్కించారా?

---

మిర్చి_యార్డు | 6 ఏప్రిల్ 2025, సాయంత్రం 6:40

రిజిస్ట్రేషన్ ఉంది అక్కా. అకౌంట్ మాత్రం మొదట్లో నా సొంత మెయిల్‌తో తెరిచింది. జీఎస్టీఐఎన్ ఎక్కించినట్టు గుర్తు లేదు.

---

లెక్కల_అక్క | 6 ఏప్రిల్ 2025, సాయంత్రం 7:05

అనుకున్నా. నంబరు లేకపోతే ఆ ఇన్‌వాయిస్ మామూలు వినియోగదారుడి పేరున పోతుంది, మీ జీఎస్టీఆర్-2బిలో (కొన్నవాటి మీద కట్టిన పన్ను చూపే పత్రంలో) కనిపించదు. కనిపించనిదానికి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోలేరు. మీ చందాల మీద మీరు వసూలు చేసే 18 శాతంలో ఇది సర్దుకోవాల్సిన డబ్బు. మెషిన్ ఆపకుండా, కోడ్ ముట్టకుండా నెలకు ఇరవై వేలు ఊరికే వదిలేశారు.

ఇవాళే నంబరు, కంపెనీ పేరు, చిరునామా రిజిస్ట్రేషన్‌లో ఉన్నట్టే ఎక్కించండి. వచ్చే ఇన్‌వాయిస్ నుంచి సరిగ్గా వస్తుంది. పాతవాటిని సవరించి ఇస్తారేమో సపోర్టులో టికెట్ పెట్టి అడగండి. ఒక ఆర్థిక సంవత్సరం ఇన్‌వాయిస్‌ల క్రెడిట్ తీసుకోవడానికి ఆ తర్వాతి నవంబర్ 30 దాకా, లేదంటే వార్షిక రిటర్ను వేసేదాకా, ఏది ముందైతే అదే గడువు. మీ ఆడిటర్‌కు కూడా చూపించండి, నా మాట మీదే చేసేయకండి.

---

ఫైనల్_ఇయర్ | 7 ఏప్రిల్ 2025, ఉదయం 8:10

ఒక అనుమానం. 2022 నవంబర్ నుంచి హైదరాబాద్‌లోనే ఏడబ్ల్యూఎస్ రీజియన్ ఉంది కదా. ముంబై నుంచి అక్కడికి మారిస్తే తగ్గదా?

---

రాత్రి_డ్యూటీ | 7 ఏప్రిల్ 2025, ఉదయం 8:33

దగ్గరుంటే కొన్ని మిల్లీసెకన్లు తగ్గుతాయి, మిర్చి ధర చూసే రైతుకు అది తెలియను కూడా తెలియదు. రెండు రీజియన్ల మధ్య డేటా మార్చడానికి మళ్లీ చార్జీ. బిల్లు కోసమైతే వద్దు.

---

మడికొండ_బస్ | 7 ఏప్రిల్ 2025, రాత్రి 9:20

డేటాబేస్ 27,800 మీద ఎవరూ మాట్లాడలేదు. టెస్ట్ డేటాబేస్‌కు కూడా మల్టీ-ఏజెడ్ (ఇంకో జోన్‌లో రెండో నకలు నడపడం) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే రెట్టింపు కడుతున్నట్టే. టెస్ట్‌ది రాత్రిళ్లు, సెలవుల్లో ఆపేయండి. ఒకటి జాగ్రత్త: ఆపేసిన ఆర్‌డీఎస్ (ఏడబ్ల్యూఎస్ డేటాబేస్) ఏడు రోజులకు తనంతట తనే లేస్తుంది. నేను దసరాకు ఆపి ఊరికి పోయి, వచ్చేసరికి అది హాయిగా నడుస్తోంది. కాబట్టి చేత్తో ఆపడం కాదు, షెడ్యూల్ పెట్టాలి.

డిస్కులు పాత రకం జీపీ2 అయితే కొత్త రకం జీపీ3కి మార్చండి. జీబీ ధర 20 శాతం తక్కువ, మెషిన్ నడుస్తుండగానే మారుతుంది. ఏ మెషిన్‌కూ తగిలించకుండా పడి ఉన్న డిస్కులు వెతకండి, స్నాప్‌షాట్ తీసుకున్నాకే చెరపండి. పబ్లిక్ ఐపీవీ4 అడ్రసులు (మీ మెషిన్ల ఇంటర్నెట్ చిరునామాలు) లెక్కపెట్టండి, 2024 ఫిబ్రవరి నుంచి వాడినా వాడకపోయినా ఒక్కోదానికి నెలకు మూడున్నర డాలర్ల పైచిలుకు పడుతోంది.

కుబర్నెటీస్ ఉంచుకుంటే వెర్షన్ చూసుకోండి. పాతబడి ఎక్స్‌టెండెడ్ సపోర్ట్‌లోకి (గడువు దాటిన వెర్షన్లకు ఇచ్చే మద్దతులోకి) జారితే క్లస్టర్‌కు గంటకు 10 సెంట్లు పోయి 60 సెంట్లు అవుతుంది. మా దగ్గర మర్చిపోయిన ఒక టెస్ట్ క్లస్టర్ నెలకు 438 డాలర్లు మింగింది. అందులో నడుస్తున్నది ఒక్క హలో వరల్డ్ పేజీ.

---

మిర్చి_యార్డు | 8 ఏప్రిల్ 2025, రాత్రి 10:05

టెస్ట్‌కు మల్టీ-ఏజెడ్ ఉంది. తీసేశాం. మూడు మెషిన్లలో సీపీయూ సగటు 9 శాతం.

ఏడాదికి సేవింగ్స్ ప్లాన్ తీసుకుంటే బాగా తగ్గుతుందని ఒక కన్సల్టెంట్ చెప్పాడు. ఇప్పుడే తీసుకోమంటారా? టెన్షన్ పోతుంది కదా.

---

రాత్రి_డ్యూటీ | 8 ఏప్రిల్ 2025, రాత్రి 10:30

వద్దు. వద్దు. ఇంకోసారి చెప్తున్నా, వద్దు.

సేవింగ్స్ ప్లాన్ అంటే గంటకు ఇంత వాడతానని ఏడాదికో మూడేళ్లకో మాట ఇవ్వడం. వాడినా వాడకున్నా కట్టాలి. 9 శాతం సీపీయూతో నడిచే మెషిన్ల మీద మాట ఇస్తే, ఆ వృథాను డిస్కౌంటులో కొనుక్కున్నట్టు.

పైగా మీది సీజన్ వ్యాపారం. మిర్చి జనవరి నుంచి మే దాకా, పత్తి అక్టోబర్ నుంచి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మీ యాప్ ఎవరు తెరుస్తారు? యార్డు బోసిపోయిన నెలలో కూడా మార్చి నెల మెషిన్లే నడుస్తున్నాయి. సీజన్ అయిపోయాక హమాలీలను కూర్చోబెట్టి కూలి ఇచ్చే అడ్తిదారు ఎవరైనా ఉన్నాడా?

ముందు చెత్త తీయండి. జూన్, జూలై గడవనివ్వండి. ఆ నెలల్లో ఎంత కనీసం వాడారో అంతకు మాత్రమే ప్లాన్ తీసుకోండి. దాని పైన సీజన్‌లో పెరిగేదానికి మామూలు ధరే కట్టండి.

---

సొంత_సర్వర్ | 8 ఏప్రిల్ 2025, రాత్రి 10:52

ఈ మాటతో మాత్రం నూటికి నూరు ఒప్పుకుంటా.

---

మిర్చి_యార్డు | 3 జూలై 2025, ఉదయం 9:30

మూడు నెలల తర్వాత వచ్చాను. జూన్ బిల్లు పన్ను లేకుండా 41,600. జీఎస్టీ 7,488, అది ఇప్పుడు క్రెడిట్‌గా తిరిగొస్తోంది. అక్కకు మా ఆఫీసంతా దండం పెట్టింది.

మే చివర్లో కుబర్నెటీస్ తీసేశాం. మూడు సర్వీసులు రెండు గ్రావిటన్ (ఏడబ్ల్యూఎస్ సొంత ఏఆర్ఎం చిప్) మెషిన్ల మీద మామూలు కంటైనర్లుగా నడుస్తున్నాయి. ఇది అంత సాఫీగా జరగలేదు. ఫొటోలు చిన్నవి చేసే లైబ్రరీ పాత వెర్షన్ ఏఆర్ఎం మీద ఎక్కలేదు, కొత్త వెర్షన్‌లో ఫొటోలు పక్కకు తిరిగి వచ్చాయి. ఒకటిన్నర రోజు తక్‌పట్టీలన్నీ అడ్డంగా కనిపించాయి.

ఎవరూ వాడని డిస్కులు నాలుగు దొరికాయి. స్నాప్‌షాట్ తీసి చెరిపాం. పది రోజులకు ఒక అడ్తిదారు నిరుటి లెక్కలు అడిగారు, అవి వాటిలో ఒకదాని మీద ఉన్నాయి. స్నాప్‌షాట్ లేకపోతే ఆయన చేతిలో అయిపోయేవాళ్లం.

నాట్ గేట్‌వే ఒకటే ఉంచాం. ఆ జోన్ పడిపోతే బయటికి పోయే దారి ఉండదని తెలుసు, ఎస్‌ఎంఎస్‌లు ఆగుతాయి, ధరలు ఆగవు. మా స్థాయికి అది సరే అనుకున్నాం.

---

మడికొండ_బస్ | 3 జూలై 2025, ఉదయం 10:15

సంతోషం. కానీ మార్చి బిల్లుతో జూన్ బిల్లు పోల్చొద్దు. జూన్‌లో మిర్చి ఎక్కడుంది? నిరుడు జూన్ ఎంతో చెప్పండి.

---

మిర్చి_యార్డు | 3 జూలై 2025, ఉదయం 10:44

అదీ తీశాను. 2024 జూన్‌లో క్రెడిట్ల కింద పోయింది 92,000. యార్డులో బస్తా లేని నెలలో. చేతి నుంచి కట్టలేదు కాబట్టి ఎవరికీ నొప్పి తెలియలేదు.

---

సొంత_సర్వర్ | 3 జూలై 2025, ఉదయం 11:20

వీపీఎస్ మీద ఇది పదిహేను వేలే.

---

రాత్రి_డ్యూటీ | 3 జూలై 2025, ఉదయం 11:26

వదలవు కదా నువ్వు.

---

మిర్చి_యార్డు | 4 మార్చి 2026, రాత్రి 9:15

ఈ థ్రెడ్‌ను పైకి తెస్తున్నందుకు క్షమించండి, ఒక లెక్క బాకీ ఉంది. ఫిబ్రవరి 2026 బిల్లు, నిండు సీజన్: మెషిన్లు 14,200, డేటాబేస్ 17,500, ఈసీ2-అదర్ 7,700, ఎస్3 3,900, క్లౌడ్‌వాచ్ 1,400, బయటికి పోయే డేటా 700. మొత్తం 45,400, జీఎస్టీ 8,172. నిరుటికంటే ఫోన్లు పెరిగాయి.

ఒకటి తప్పాం. మేడారం జాతర అయ్యాక మొదటి సోమవారం, ఫిబ్రవరి 2న, అందరూ ఒక్కసారే యాప్ తెరిచారు. సీపీయూ పెరిగాక కొత్త మెషిన్ లేవాలని పెట్టుకున్నాం. అది లేచి సిద్ధమయ్యేసరికి ఆరు నిమిషాలు పట్టింది, ఆలోపు తేజ పాట అయిపోయింది. ఆ ఆరు నిమిషాల్లో నాకు వచ్చిన ఫోన్లు పంతొమ్మిది. ఇప్పుడు యార్డు ఉన్న రోజుల్లో పొద్దున ఆరున్నరకే రెండు మెషిన్లు లేపుతున్నాం, పన్నెండుకు దించేస్తున్నాం. నెలకు ఎనిమిది వందలు ఎక్కువవుతోంది.

---

బాట్లు_కాంటా | 4 మార్చి 2026, రాత్రి 9:50

పంతొమ్మిదిలో మూడు నావే తమ్మీ. ఇంతకీ ఆ చక్రం తిరగడం ఆగింది, కానీ ధర ఎన్ని గంటలకు పడిందో చూపించట్లేదు. రైతులు నిన్నటి ధర అనుకుంటున్నారు. ధర పక్కన టైం పెట్టండి.

---

మిర్చి_యార్డు | 4 మార్చి 2026, రాత్రి 10:02

పెడతాం అన్నా. శనివారం యార్డు సెలవు కదా, ఆ రోజు ఎక్కిస్తాం.